వెనుకకు వాలిన గర్భసంచి

మా పాఠశాలకు వచ్చు తల్లులు పిల్లల మార్కులను గూర్చి అడుగుటకు మాత్రమే రారు. బ్యాంకు కాగితములు, కరెంటు బిల్లులు, ఆసుపత్రి రిపోర్టులు కూడ చేతబట్టుకొని వత్తురు. సోలాపురములో తరతరములుగా స్థిరపడిన తెలుగువారము మనము. మనకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కాగితముమీద ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ ఒక్క మాటకు అర్థము తప్పినను ఎంత అనర్థము వాటిల్లునో చూచితిని గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను. విషయము స్త్రీల శరీరమునకు సంబంధించినది. పురుషుడైన ప్రధానోపాధ్యాయుడు వార్షిక సంచికలో వ్రాయదగిన సంగతియేనా యని పెద్దలు కొందరు శంకింపవచ్చును. ఊరకుండుటవలన కలిగిన నష్టమును నా యింటనే చూచియున్నాను; కావున ఆ శంకను ప్రక్కన పెట్టితిని. నేను వైద్యుడను కాను. నా చదువు ఇంటర్మీడియెట్టు, ఆపై ఉపాధ్యాయ శిక్షణ. ఎరిగిన వైద్యురాలిని పలుమారులు అడిగియు, పుస్తకములు చూచియు తెలిసికొన్నంత మట్టుకే ఇందు చెప్పెదను.

కొంతకాలము క్రిందట ఐదవ తరగతి బాలిక తల్లి యొకతె స్కానింగు రిపోర్టు తెచ్చి నా బల్లమీద పెట్టినది. వయస్సు ముప్పదియారు. దినమంతయు కూర్చుండి బీడీలు చుట్టు ఆమె నడుము నొప్పికని ఒక చోటికి వెళ్లగా అక్కడ స్కానింగు తీయించిరట. "సారూ, నా గర్భసంచి ఎన్కకు తిరిగిందట. తీసేయాలె అంటున్నరు" అని కన్నీరు పెట్టుకొన్నది. అచటివారు మరాఠీలో 'పిశవీ ఉలటీ' అని చెప్పిరట. ఉలటీ అనగానే గర్భసంచి తలక్రిందులైనదని ఆమె తలచినది. ఆపరేషను ఖర్చునకై మెడలోని గొలుసు కుదువబెట్టుటకు సిద్ధమైనది కూడ. కాగితము చూచితిని. అందున్నది 'రెట్రోవర్టెడ్ యూటరస్' అను మాట. దాని క్రింది పంక్తిలోనే పరిమాణము సహజముగా నున్నదనియు, లోపల ఏ దోషమును కనబడలేదనియు వ్రాసియున్నది. ఆ క్రింది పంక్తిని ఆమెకు ఎవ్వరును చదివి చెప్పలేదు.

గర్భాశయమనునది మెడగల చిన్న జామపండు తలక్రిందుగా వ్రేలాడినట్లుండు కండరపు సంచి. కాన్పులు లేని స్త్రీకి దాని పొడవు సుమారు 7 లేక 8 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు. ముందువైపున మూత్రాశయము, వెనుకవైపున పురీషనాళము. ఈ రెండింటి నడుమ దానిని కొన్ని బంధములు, గుడారమును త్రాళ్లు పట్టియుంచినట్లు, పట్టియుంచును. త్రాళ్లని చెప్పితిని గాని అవి బిగుతైనవి కావు. మూత్రాశయము నిండినప్పుడు గర్భాశయము వెనుకకు జరుగును, ఖాళీయైనప్పుడు మరల ముందునకు వచ్చును. కడుపుపైనుండి చేయు స్కానింగునకు ముందు నీరు త్రాగించి మూత్రాశయమును నింపింతురు గదా, ఆ నిండుటవలననే సంచి కొంత వెనుకకు నెట్టబడవచ్చును. ఒక దినపు రిపోర్టులో ముందునకు, మరియొక దినపు రిపోర్టులో వెనుకకు అని వ్రాసిన సందర్భములు లేకపోలేదు.

రిపోర్టులలో రెండు జతల మాటలు కనబడును. యాంటివర్టెడ్, రెట్రోవర్టెడ్ అనునవి ఒక జత. యాంటిఫ్లెక్స్‌డ్, రెట్రోఫ్లెక్స్‌డ్ అనునవి రెండవ జత. లాటిను భాషలో 'రెట్రో' అనగా వెనుకకు, 'వెర్టెరె' అనగా త్రిప్పుట, 'ఫ్లెక్టెరె' అనగా వంచుట. మొదటి జత సంచి మొత్తముగా ఎటు వాలినదో చెప్పును. రెండవది మెడ దగ్గర ఎటు వంగినదో చెప్పును. గొడుగును గోడకు ఆనించి నిలిపినచో అది వాలినది. గొడుగు పిడి ఒంపు దిరిగియుండుట వంగుట. ఎక్కువమంది స్త్రీలకు గర్భాశయము ముందునకు, మూత్రాశయముమీదికి వాలియుండును. సుమారు అయిదుగురిలో ఒకరికి మాత్రము వెనుకకు వాలియుండును. కొందరికది పుట్టుకతోడి లక్షణము, కొందరికి కాన్పుల తరువాత బంధములు సడలుటవలన వచ్చినది. బీడీలు చుట్టుటకు కూర్చుండుటవలన గాని, నీళ్ల బిందెలు మోయుటవలన గాని సంచి తిరుగబడునన్న మాటకు ఆధారము లేదు. పొట్ట రుద్దించి సంచిని సరిచేయింతుమను మాటయు అట్టిదే. ఎడమచేతి వాటమువలె ఇదియు నొక వాటము. కొందరికి దీనివలన నడుములో లాగినట్లుండవచ్చును, అంతే. గర్భము ధరించుటకు సాధారణముగా అడ్డు రాదు. నెలలు నిండుకొలది సంచి పెరిగి, మూడు నాలుగు నెలల నాటికి తనంతట తానే పైకి లేచును. లేవక లోపల చిక్కుకొనుట బహు అరుదు, మూడువేల గర్భములలో ఒకటి అందురు; అప్పుడు మూత్రము బంధింపబడును గనుక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ వాటమును వ్యాధిగా భావించుట మన ప్రాంతమున పుట్టిన పొరబాటు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా, అమెరికా దేశముల వైద్యులు స్త్రీల నడుము నొప్పికి, తలనొప్పికి, సంతానలేమికి, తుదకు మనోవ్యాకులతకు కూడ వెనుకకు వాలిన గర్భాశయమే కారణమని నమ్మిరి. ఫిలడెల్ఫియా నగరపు హాడ్జ్ అను వైద్యుడు దానిని ముందునకు నిలుపుటకు ఒక వంపుల ఉంగరమును కల్పించెను. దానికి నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. 1880 ప్రాంతములలో లివర్‌పూల్‌లో అలెగ్జాండర్, గ్లాస్గోలో ఆడమ్స్ అను శస్త్రవైద్యులు గర్భాశయపు బంధములను కురుచచేసి కుట్టు పద్ధతిని ఆరంభించిరి. 1900 సంవత్సరమున అమెరికాలో గిలియమ్ మరియొక పద్ధతిని ప్రకటించెను. తరువాత ఎన్నియో రకములు పుట్టినవి, ఎందరో స్త్రీలు కత్తిక్రింద పడిరి. ఏ బాధయు లేని స్త్రీలను పరీక్షించినప్పుడు కూడ అదే వాలు అదే మోతాదులో కనబడుచుండుటచే ఆ నమ్మకము క్రమముగా సడలెను. నేడు కేవలము వాలును సరిచేయుటకని శస్త్రచికిత్స చేయుట దాదాపు మానివేసిరి. అక్కడ విడిచిపెట్టిన భయము మన వీధులలో ఇంకను వినబడుచున్నది.

ఆ తల్లిని వేరొక వైద్యురాలియొద్దకు పంపితిమి. నొప్పి వెన్నుకండరములదని తేలినది. వ్యాయామము చెప్పి పంపిరి. గొలుసు మెడలోనే యున్నది.

ఇంతవరకు చదివి, వెనుకకు వాలిన గర్భసంచి యనిన ఏమియు పట్టించుకొనవలదని తలచినచో అదియు పొరబాటే యగును. ఆ రెండవ పొరబాటు మా అక్క జీవితమున జరిగినది.

మా అక్కకు ముప్పది దాటినది మొదలు నెలనెలయు భరింపరాని నొప్పి, విపరీతమైన రక్తస్రావము. బహిష్టు దినములలో రాత్రి మూడుసార్లు లేచి గుడ్డలు మార్చుకొనెడిది. మలవిసర్జన సమయమునను కత్తితో కోసినట్లుండెడిదట. ఈ సంగతి మాకు చాలకాలము తరువాత తెలిసినది. ఒకసారి చూపించినప్పుడు, సంచి వెనుకకు వంగియున్నది గనుక నొప్పి యుండును, పెక్కుమందికి ఇది మామూలే యని పంపివేసిరి. మామూలే గదా యని అక్క నోరు మూసికొన్నది, మేమును అడుగలేదు. ఆడపుట్టుక పుట్టిన తరువాత తప్పదని మా అమ్మ అనెడిది. పదునెనిమిది సంవత్సరముల క్రిందట, నలుబది నాలుగవ యేట, ఒకనాడు కుళాయి దగ్గర స్పృహ తప్పి పడిపోయినది. రక్తము పరీక్షింపగా హిమోగ్లోబిను 6 గ్రాములు. ఉండవలసినది కనీసము 12. రక్తమెక్కించి, తరువాత గర్భాశయమును తొలగించిరి. దానిని సూక్ష్మదర్శినితో పరీక్షించినవారు వ్రాసిన కాగితములో 'అడినోమయోసిస్' అను మాట యున్నది. ఆ మాటను నేను ఆనాడు మొదటిసారిగా చదివితిని.

గ్రీకు భాషలో 'అడెన్' అనగా గ్రంథి, 'మయో' అనగా కండరము. గర్భాశయపు గోడకు మూడు పొరలుండును. బయటిది పలుచని పైపొర, నడిమిది మందమైన కండరము, లోపలిది గ్రంథులతో కూడిన మెత్తని పొర. లోపలి పొర నెలనెలయు హార్మోనుల ప్రభావమున పెరిగి, గర్భము నిలువనిచో రక్తముతోగూడ రాలిపోవును. ఇదియే ఋతుస్రావము. ఆ లోపలి పొరకు చెందిన గ్రంథులు హద్దు దాటి కండరములోనికి చొచ్చుకొనిపోయి అక్కడ నిలిచిపోవుటయే అడినోమయోసిస్. కండరములో చిక్కినను వాటి స్వభావము మారదు, నెలనెలయు అవియు ఉబ్బును. లోపలి పొరనుండి రాలినదానికి బయటకు దారియున్నది. కండరములో ఊరిన రక్తమునకు దారి లేదు. చుట్టునున్న కండరము వాచి, మందమై, బిగుసుకొనుచుండును. సంచి పెద్దదై బంతివలె గుండ్రమగును. రక్తమును అదుపుచేయుటకు కండరము చక్కగా ముడుచుకొనలేదు. అందుచే స్రావము అధికమగును. ఇది క్యాన్సరు కాదు. వ్యాధి యున్న స్త్రీలలో సుమారు మూడవవంతు మందికి ఏ లక్షణమును తెలియకయే యుండును.

వియన్నా నగరమున రోకిటాన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు 1860లోనే ఇట్టి గర్భాశయమును వర్ణించెను. అమెరికాలో కలెన్ 1908లో దీనిపై పెద్ద గ్రంథము ప్రకటించెను. నేటి పేరు 1925లో ఫ్రాంకెల్ పెట్టినది. ఇంత పాత వ్యాధి మా అక్కకు పదునాలుగేండ్లు కనబడకపోవుటకు కారణమున్నది. చిరకాలము దీనిని తీసివేసిన గర్భాశయములో, సూక్ష్మదర్శినిక్రింద మాత్రమే చూడగలిగిరి. తీసివేసిన తరువాతనే గదా తెలియుట! యోనిమార్గపు స్కానింగు, ఎమ్.ఆర్.ఐ. వచ్చిన తరువాతనే బ్రతికియున్న శరీరములో దీనిని గుర్తించుట సాధ్యమైనది. నలుబది దాటి, పలు కాన్పులైనవారి వ్యాధి యని పూర్వము అనుకొనెడివారు. నేడు ఇరువది ముప్పది ఏండ్లవారిలోను కనబడుచున్నది. సిజేరియను, గర్భాశయపు లోపలి పొరను గీకి శుభ్రపరచు చికిత్స మున్నగువాటివలన హద్దు గాయపడుటయు ఒక కారణమందురు.

ఇక వాలునకును ఈ వ్యాధికిని గల సంబంధము. అడినోమయోసిస్ ఉన్నవారిలో గర్భాశయము వెనుకకు వంగియుండుట ఇతరులకన్న ఎక్కువగా కనబడుచున్నది. దీనిని విని, వాలుటవలననే వ్యాధి వచ్చునని తలచుట సులభము. కాని ఎక్కువ సందర్భములలో కథ వెనుకనుండి నడచును. అడినోమయోసిస్‌తోబాటు ఎండోమెట్రియోసిస్ అను దాయాదివ్యాధి తరచుగా ఉండును. దీనిలో అటువంటి పొరయే గర్భాశయము వెలుపల పెరుగును. ముఖ్యముగా గర్భాశయమునకును పురీషనాళమునకును నడుమనున్న పల్లములో పెరుగును. అక్కడ నెలనెలయు వాపు, మానుట, మరల వాపు జరిగి, గాయము మానినచోట చర్మము ముడుతపడినట్లు, అవయవములు ఒకదానికొకటి అతుకుకొనును. ఆ అతుకులు గర్భాశయపు శిఖరమును వెనుకకు లాగిపట్టును. మెడ మాత్రము ముందునకు, మూత్రాశయమువైపు తిరిగియుండును. స్కానింగు చిత్రములో ఆ ఆకారము ప్రశ్నార్థక చిహ్నమువలె కనబడుటచే వైద్యులు దానిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. ఉపాధ్యాయుడనగుటచే ఈ పేరు నాకు నచ్చినది: ఆ చిత్రమును చూచినపుడు వైద్యుడు నిజముగానే ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. సిజేరియను మచ్చవలన కూడ సంచి వెనుకకు వంగవచ్చును గనుక ఆ ఆకారమొక్కటే వ్యాధికి ఋజువు కాజాలదు. వంపువలన స్రావము బయటకు పోవుట కష్టమై వ్యాధి పుట్టునన్న ఊహయు కలదు గాని అది ఋజువు కాలేదు.

కావున అడుగవలసిన ప్రశ్న, ఎటు వాలినది అనునది కాదు. కదలుచున్నదా, పాతుకొనిపోయినదా యనునది. స్వభావసిద్ధముగా వాలిన సంచి వ్రేలితో నెట్టిన జరుగును, బాధ కలుగదు. అతుకులు పడినది కదలదు, నెట్టినచో నొప్పి పుట్టును. స్కానింగు చేయువారు సాధనముతో మెల్లగా ఒత్తి, సంచియు పురీషనాళమును ఒకదానిమీద నొకటి జారుచున్నవో లేదో చూడగలరు. రిపోర్టులో 'బల్కీ' అనగా సంచి పెరిగినదని అర్థము. 'గ్లోబ్యులర్' అనగా గుండ్రమైనదని. 'హెటిరోజీనియస్ మయోమెట్రియం' అనగా కండరపు గోడ ఒకే తీరుగా లేదని. 'రెట్రోవర్టెడ్' ఒక్కటియే యున్నచో నెమ్మదిగా ఉండవచ్చును. దానితోబాటు ఈ మాటలును, స్త్రీకి నొప్పియు, అధిక స్రావమును ఉన్నచో వదలివేయరాదు. దాంపత్యమున లోతైన నొప్పి, బహిష్టు దినములలో మలవిసర్జనకు బాధ అనునవి తల్లులు సిగ్గుచే దాచు లక్షణములు. వైద్యునకు అవియే దారి చూపును.

అధిక స్రావమనిన నెంత? ఒక్కొక్క బహిష్టులో 80 మిల్లీలీటర్లు దాటినచో అధికమని పూర్వపు లెక్క. ఇంట కొలుచుట కుదరదు గనుక గుర్తులు చెప్పెదను. గంటకో రెండు గంటలకో ప్యాడు తడిసిపోవుట, పెద్ద గడ్డలు పడుట, ఏడు దినములు మించుట, మెట్లెక్కగా ఆయాసము వచ్చుట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. దానికి తిండి చాలకపోవుట ముఖ్యకారణమే గాని, నెలనెలయు కారిపోవుదానిని ఎవరును లెక్క వ్రాయరు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. మా హాజరుపట్టీలో ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలికలు కొందరు నెలకు రెండు మూడు దినములు తప్పక రాకుందురు. ప్రతి నొప్పియు అడినోమయోసిస్ కాదు. ఆ వయస్సులో పెక్కింటికి సాధారణ ఔషధములే చాలును. అయినను బడి మాన్పించునంతటి నొప్పి నెలనెలయు వచ్చుచు, ఔషధమునకు తగ్గనిచో వైద్యురాలికి చూపవలెను. పెండ్లి చేసిన తగ్గునని వాయిదా వేయుట చికిత్స కాదు.

చికిత్స స్త్రీ వయస్సునుబట్టి, సంతానము కోరుటనుబట్టి మారును. నొప్పికి మెఫెనమిక్ ఆమ్లము, స్రావమునకు ట్రానెగ్జమిక్ ఆమ్లము వంటివి మొదటి మెట్టు. వీనినైనను వైద్యుని అడుగక దుకాణములో కొనరాదు. హార్మోను మాత్రలు కలవు. లెవోనార్జెస్ట్రెల్ అను హార్మోనును కొన్ని సంవత్సరములు మెల్లమెల్లగా విడుదలచేయుచు సంచిలో నుండు చిన్న సాధనము అనేకులకు స్రావమును బాగుగా తగ్గించుచున్నది. ఋతుక్రమము ఆగిన తరువాత వ్యాధి తనంతట తాను చల్లారును. వీటివేటను లొంగనిచో, సంతానపు కోరిక తీరినవారికి గర్భాశయమును తొలగించుట పూర్తి పరిష్కారము. మా అక్క విషయమున అది సరియైన పనియే. నేడామె అరువది దాటి, మనుమలను బడికి తానే దింపుచున్నది. ఆపరేషను ఆమెకు కీడు చేయలేదు, ఆలస్యము చేసినది.

అయితే తొలగించుటకు కారణము వ్యాధి కావలెను. 2015–16 సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన బంధువర్గము ఉన్న సీమలే అవి. మన మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత కార్మిక స్త్రీల సంగతి 2019లో బయటపడినది. విచారణలో లెక్కకు వచ్చిన 82 వేలకు పైబడిన స్త్రీలలో 13 వేలకు పైగా గర్భాశయము కోల్పోయినవారే. పని మానిన దినమునకు జరిమానా కట్టవలసిన వారికి బహిష్టు ఒక భారమై కనబడినది. అనవసరపు గర్భాశయ శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అన్ని రాష్ట్రములు అమలుపరచవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో ఆదేశించినది. నలుబది ఐదు నిండకముందు గర్భాశయముతోబాటు అండాశయములను గూడ తీసివేసినచో ఎముకల బలము తగ్గుట, గుండెజబ్బులు ముందుగా వచ్చుట మున్నగు ముప్పు కలదు. అందుచే, తీయవలెనని ఎవరైన చెప్పినప్పుడు, ఏ వ్యాధికి, మందులతో చూచితిమా, అండాశయములు ఉంచుదురా అని అడుగుటకు ఏ తల్లియు జంకనక్కరలేదు. మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొనుట మొదటివారిని అవమానించుట కాదు.

రిపోర్టులలో తరచుగా కనబడు ఇట్టి మాటలకు తెలుగు అర్థములు వ్రాయించి పాఠశాల కార్యాలయములో ఒక పట్టిక ఉంచితిమి. సాయంకాలము బడి విడిచిన తరువాత ఎవరైనను వచ్చి చూచుకొనవచ్చును. నాతో చెప్పుటకు మొగమాటపడు తల్లులకు మా ఉపాధ్యాయురాలొకరు ఆ వేళ అక్కడనే ఉందురు. కాగితములన్నియు తీసికొనిరండు, పాతవి కూడ.